వీధి వైపు తిరిగిన చెప్పులు

"ఇంకొంచెం వంగు. చేతులు బాగా కనపడాలి," అన్నాడు భర్త.

ఆమె వంగింది. ముందుగది గుమ్మం పక్కన రెండు జతల చెప్పులూ ఒక జత బూట్లూ ఉన్నాయి. లోపలికి వచ్చినవాళ్ళు ఎలా విడిచారో అలాగే, ముందు భాగాలు ఇంటి వైపు చూస్తున్నాయి. ఆమె ఒక్కొక్క జతనే ఎత్తి, వీధి వైపు తిప్పి, గోడ వారగా పెట్టింది. ఈ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ ఈ పని చేస్తూనే ఉంది. చేతులు కనపడాలని అప్పుడెవరూ కోరలేదు. ఎవరి చేతులో తెలియకుండా జరిగిపోయే పనినే ఆ ఇంట్లో మంచి పని అనేవారు.

"సార్, వెలుతురు సరిగ్గా పడలేదు. ఇంకోసారి తీద్దామా?" అంది వీడియో తీయడానికి వచ్చిన అమ్మాయి.

"తీద్దాం, తీద్దాం. దానికేముంది, తను ఖాళీయేగా."

చెప్పుల్ని మళ్ళీ ఇంటి వైపు తిప్పి పెట్టవలసి వచ్చింది. తిప్పింది కూడా ఆమే.

రిటైరయ్యాక కొందరికి మోకాళ్ళ నొప్పులు వస్తాయి, కొందరికి వంశం వస్తుంది. కళాశాలలో ఉద్యోగమున్నన్నాళ్ళూ సమాజశాస్త్రం బోధించి, మనుషులంతా ఒక్కటేనని కొన్ని వేలమంది చేత పరీక్ష పేపర్లలో రాయించిన ఆమె భర్తకు రెండోది వచ్చింది. ఎప్పుడో కలప వ్యాపారం చేసిన ఒక తాతగారి తాతగారు దొరికాడు. ఆయన పేరు చెప్పుకుని చుట్టాలంతా కలిసి వంశ సంఘం పెట్టుకున్నారు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఎవరివల్లా కాదు గనుక ఉపన్యాసకుణ్ణే అధ్యక్షుణ్ణి చేశారు. వచ్చే వారం సభలో చూపించడానికి 'మన వారసత్వం' అని ఒక వీడియో తీయాలని తీర్మానం కూడా అయింది. చిక్కల్లా ఆ వారసత్వంతోనే వచ్చింది. కలప అడితి ఎప్పుడో చేతులు మారింది. పాతకాలపు సామానంతా ఎవరికి వాళ్ళు అమ్ముకున్నారు. ఎంత వెతికినా, అందరి ముక్కులూ ఒకేలా ఉండటం తప్ప చెప్పుకోదగ్గది ఏమీ దొరకలేదు. అప్పుడు ఆయన అక్కగారికి చెప్పులు గుర్తుకొచ్చాయి.

"ఇలాంటి మర్యాద ఇంకెవరింట్లో అయినా చూశావట్రా?" అంది ఆవిడ సోఫాలో సర్దుకుంటూ. "వచ్చినవాడు వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి తడుముకోనక్కర్లేదు. కాలు పెడితే చాలు, చెప్పు సిద్ధం. ఒకరు నేర్పితే వచ్చేదా ఇది? మన రక్తంలో ఉంది."

ఆ రక్తం పంచుకున్న పెద్దల్లో ఒక్కరైనా ఏనాడూ ఒక్క చెప్పునైనా తిప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి తమ్ముడికీ తట్టలేదు, అక్కకీ తట్టలేదు. తట్టి ఉంటే, రక్తం చేయలేని పనిని ఇన్నేళ్ళుగా ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న పుట్టేది. అలాంటి ప్రశ్నలు పుట్టకుండా చూసుకోవడంలో మాత్రం ఆ వంశానిది నిజంగానే తరతరాల అనుభవం.

ఆమెకు ఇదంతా నవ్వులాటగానే సాగిపోయి ఉండేది, ఉదయం కూతురు ఆ మాట అనకపోయి ఉంటే. వీడియోలో తన గొంతు వినపడాలని కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని వంటింటి గట్టుకు ఆనుకుని, "నువ్వెవరివి అని ఎవరైనా అడిగితే, అమ్మా, నాకు ముందు గుర్తొచ్చేవి ఈ చెప్పులే తెలుసా?" అంది. "హాస్టల్లో నా గది ముందు అందరి చెప్పులూ తిప్పి పెట్టేదాన్ని. ఏంటే ఇది అని ఏడిపించేవాళ్ళు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా చెయ్యి ఊరుకోదు. నేను నేనే అనిపిస్తుంది అలా చేస్తే." తల్లి చేతిలోని గరిటె ఆగిపోయింది. లోపల ఎక్కడో ఎన్నో ఏళ్ళుగా మూసి ఉన్న కిటికీ తెరుచుకున్నట్టయింది. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండగానే కూతురు ముగించింది: "నాన్నమ్మ వాళ్ళు ఎంత గొప్పవాళ్ళో కదమ్మా!"

అప్పటి నుంచీ ఆమెకు పని మీద మనసు లేదు. తన నుంచి ఈ పిల్లకు చేరింది ఇదొక్కటే. రంగు తండ్రిది, ముక్కు సంఘానిది, ఇంటిపేరు సరేసరి. తన భాష ఎటూ ఇవ్వనివ్వలేదు. చేరిన ఆ ఒక్కటీ సాయంత్రానికల్లా వీడియోలోకి ఎక్కి, ఇంకొకరి సొత్తుగా ఖాయమైపోతుంది. రేపు ఈ పిల్ల కడుపున పుట్టేవాళ్ళకు కూడా అదే చెబుతారు.

ఆమె పుట్టింటివాళ్ళు రోడ్లు వేసేవాళ్ళు. పుట్టిల్లు అనడం అలవాటు కొద్దీ అనే మాట. ఇల్లంటూ ఉండేది కాదు, వేస్తున్న రోడ్డు పక్కన గుడారం ఉండేది. కంకర పరచి, తారు పోసి, చదును చేసి, ఊళ్ళవాళ్ళు జారిపోకుండా నడిచేందుకు దారి చేసిపెట్టిన మరుక్షణం, ఆ ఊళ్ళవాళ్ళే వచ్చి "ఇంకా ఇక్కడే ఉన్నారేం?" అనేవారు. కొందరు మాటతో అనేవారు, కొందరు కర్రతో అనేవారు. పని ముగిసినా ముగియకపోయినా, ఊళ్ళో కోడి పోయినా గొలుసు పోయినా, మొదట లేచేవి ఆ గుడారాలే. అలా ఒకసారి తరిమినప్పుడు పక్క గుడారంలోని పిల్ల చెప్పులు దొరక్క, అప్పుడే పోసిన తారు మీద వట్టి కాళ్ళతో పరుగెత్తింది. ఆ తర్వాత ఆ పిల్ల సరిగ్గా నడవలేదు. ఆనాటి నుంచి గుడారాల్లోని తల్లులందరూ పిల్లలకు ఒకటే పాఠం చెప్పారు: పడుకునే ముందు నీవే కాదు, నీ పక్కవాడి చెప్పులు కూడా బయటి వైపు తిప్పి పెట్టు. "కుడేదో ఎడమేదో వెతుక్కునేంత సేపు మనకెవడూ ఇవ్వడు, తల్లీ," అనేది ఆమె అమ్మ. అందులో మర్యాద లేదు, సంస్కారం లేదు. ఉన్నది భయం. భయంలోనూ పక్కవాణ్ణి మరిచిపోని ఒక పద్ధతి.

ఆ గుడారం నుంచి బడికీ, బడి నుంచి హాస్టలుకీ, అక్కణ్ణుంచి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగానికీ ఆమె ఎలా వచ్చిందన్నది వేరే కథ. చెయ్యి విరిగి ఎక్స్‌రేకు వచ్చిన యువ ఉపన్యాసకుడు ఆమెను ప్రేమించాడు. ఆయన నిజంగా ప్రేమించింది తన విశాల హృదయాన్నని ఆమెకు పెళ్ళయిన కొన్నాళ్ళకు తెలిసింది. ఎవరు ఇంటికి వచ్చినా, "మా ఆవిడ, వాళ్ళలో చదువుకున్న మొదటి మనిషి," అని పరిచయం చేసేవాడు. విన్నవాళ్ళు వెంటనే మెచ్చుకోలుగా చూసేవారు, ఆయనకేసి. ఆసుపత్రిలోనూ అంతే. "మిమ్మల్ని చూస్తే అసలు అలా అనిపించదండీ, ఒట్టు," అన్నాడు పెద్ద డాక్టరు ఒకసారి, బహుమతి ఇస్తున్నట్టు. ఎలా అనిపించాలో ఆమె అడగలేదు. రోజంతా మనుషుల ఎముకల్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసే ఉద్యోగం ఆమెది. విరిగిన చోటు కనిపించేది, అరిగిన చోటు కనిపించేది. వంశం ఎన్నడూ కనిపించలేదు.

అత్తగారు మాత్రం మెత్తని మనిషి, గొంతెత్తి ఒక్క మాట అనేది కాదు. "మీ భాష ఈ ఇంట్లో వద్దమ్మా. పిల్లకి అంటుకుంటే వదలదు," అంది, గజ్జి గురించి హెచ్చరించినంత దయగా. కోడలు గుమ్మంలో చెప్పులన్నీ బయటికి తిప్పి పెట్టిన మొదటిరోజు, "ఏమ్మా, మమ్మల్నందర్నీ ఎప్పుడు గెంటేద్దామని?" అంటే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. పెళ్ళయ్యాక ఒకే ఒక్కసారి ఆమె తల్లి చూడటానికి వచ్చింది. ఆవిడ తన చెప్పులు విడిచి, వీధి వైపు తిప్పుకుని, లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. అత్తగారు గదిలోకి వెళ్ళి తన కూతురితో, అంటే ఈ అక్కగారితోనే, అన్న మాట గోడకు ఇవతల ఉన్నవాళ్ళకు కూడా వినపడింది: "చూశావుటే, పరుగెత్తడానికి ఎలా సిద్ధంగా పెట్టుకుందో! చెంచాలు ఎన్నున్నాయో చూసుకో." తల్లికి ఆ ఇంటి భాష అంతగా రాదు. చెంచాలు అన్న మాట మాత్రం తెలుసు. టీ తాగి, చెంచాను అందరికీ కనపడేలా సాసరులో పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకు జడ్జిగారొకరు భోజనానికి వచ్చి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో తన బూట్లు చూసి ముచ్చటపడ్డారు. "ఎంత చక్కటి పద్ధతండీ!" అన్నారు. అత్తగారు తడుముకోలేదు. "మా వంశంలో అంతేనండీ, ముందు నుంచీ," అంది. కోడలు ఎంగిలి పళ్ళేలు పట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉంది. ఆ రోజుతో భయం మర్యాద అయింది. దొంగల చెప్పులు పెద్దల చెప్పులయ్యాయి. మధ్యలో మారింది చూసినవాడి హోదా ఒక్కటే.

"సరే సార్, ఇప్పుడు ఈ పద్ధతి ఎలా వచ్చిందో చెప్పండి," అంది వీడియో అమ్మాయి కెమెరాను సోఫా వైపు తిప్పుతూ.

ఉపన్యాసకుడు గొంతు సవరించుకున్నాడు. "మా పూర్వీకులు కలప కోసం అడవుల్లో దూరప్రయాణాలు చేసేవారు. ప్రయాణం చేసేవాడి కష్టం వాళ్ళకి తెలుసు. అందువల్ల..."

"అది కాదురా," అంది అక్కగారు. "జమీందారుగారు మనింటికి వస్తే మన తాతగారి తాతగారు స్వయంగా ఆయన చెప్పులు తిప్పి పెట్టారు. అప్పట్నుంచీ."

"ఎవరు చెప్పారక్కా నీకు?"

"ఎవరు చెప్పడమేంటి, మనకి తెలీదూ?"

"జమీందారు చెప్పులు తిప్పారంటే మనవాళ్ళని నౌకర్లనుకుంటారు, అక్కా."

"పోనీ, జమీందారే మన తాతగారి చెప్పులు తిప్పాడని చెప్పు. ఎవరొచ్చి చూశారు?"

ఆ విధంగా ఆ వంశ చరిత్ర ఆమె కళ్ళముందే తయారైంది. అప్పటిదాకా చరిత్ర ఎలా పుడుతుందో ఆమెకు పుస్తకాల ద్వారానే తెలుసు. ఇంత తక్కువ శ్రమతో పుడుతుందని తెలియదు.

తండ్రీ మేనత్తా తేల్చుకునేలోగా తన భాగం చదివేస్తానంది కూతురు. కాగితం తీసుకుని కెమెరా ముందు నిలబడి, చక్కటి గొంతుతో మొదలుపెట్టింది: "ఇది మా నాన్నమ్మ మా అమ్మకి నేర్పిన పద్ధతి. ఎక్కణ్ణుంచో వచ్చిన కోడలికి కూడా మా వంశం తన సంస్కారాన్ని ఎలా అందించిందో..."

"ఆపు," అంది ఆమె.

పెద్దగా అనలేదు. ఎక్స్‌రే గదిలో మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టమని చెప్పే గొంతుతోనే అంది. అందరూ ఊపిరి బిగపట్టారు.

"అది నాకు మీ నాన్నమ్మ నేర్పలేదు. మా అమ్మ నేర్పింది. మర్యాద కోసం కాదు. ఎవరైనా వచ్చి తరిమితే పరుగెత్తడానికి." తర్వాత గుడారాల సంగతి చెప్పింది. తారు మీద పరుగెత్తిన పిల్ల సంగతి చెప్పింది. చెంచాల సంగతి కూడా, వదినగారి కళ్ళలోకి సూటిగా చూస్తూ, ఒక్క ముక్క వదలకుండా, ఒక్క ముక్క కలపకుండా చెప్పింది. ఆమె ముఖంలో ఏడుపు కోసం వెతికినవాళ్ళకు అది దొరకలేదు.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ!" అంది వదిన. "పోయినావిడ మీద చాడీలా? మా తమ్ముడి మంచితనం వల్ల ఈ గడప తొక్కావు. అది గుర్తుంచుకో."

"గుర్తుంది వదినా. మరిచిపోదామన్నా మీరు మరవనివ్వరుగా."

కూతురు కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. గొంతులో కోపం ఉంది. ఎవరి మీదో ఇంకా తేలలేదు.

"ఏ పేరుతో చెప్పను? ఈ ఇంట్లో మా వాళ్ళకు పేరు లేదు. 'వాళ్ళు' అనేవారు. 'వాళ్ళ తరహా', 'వాళ్ళ బుద్ధులు'. ఆ మాటతో మా అమ్మ గురించి చెబితే, నువ్వు కూడా మా అమ్మను 'వాళ్ళు' అనేదానివి."

ఉపన్యాసకుడు ఇంతసేపూ తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు. అది పశ్చాత్తాపమని పొరబడేవాళ్ళు ఆయనతో కాపురం చేసి ఉండరు. ఆయన ఆలోచిస్తున్నాడు. కాసేపటికి ముఖం వికసించింది. "అసలు ఇదే బాగుంది!" అన్నాడు తొడ చరిచి. "రెండు సంస్కృతుల సంగమం! సంచార జాతి పిల్లని మా వంశం అక్కున చేర్చుకుని, వాళ్ళ ఆచారాన్ని కూడా తనలో కలుపుకుంది. ఎంత ఔదార్యం! సభలో అందరికీ కళ్ళనీళ్ళు వస్తాయి. ఏమే, నువ్వు కెమెరా ముందు నిలబడి మీ భాషలో రెండు ముక్కలు చెప్పు. కొంచెం వెరైటీగా ఉంటుంది. అర్థం తర్వాత చెబుదువుగాని, కింద అక్షరాలు వేయిద్దాం."

ఇచ్చినది లాక్కుని, లాక్కున్నందుకు కూడా దయామయుడనిపించుకోగల మనిషిని ఆమె కొంత ఆశ్చర్యంగానే చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నేర్పు మీద ఆమెకు కలిగిన గౌరవమంతా ఆ ఒక్క చూపులో అయిపోయింది.

"అలాగే," అంది.

భర్త ఆమె పక్కన వచ్చి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. వీడియో అమ్మాయి వేలు ఎత్తింది. ఆమె కెమెరాలోకి చూసి, ఆ ఇంటి గోడల మధ్య ఎన్నడూ పెదవి దాటనివ్వని భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. గుడారాల ముందు కూర్చుని పెద్ద ఆడవాళ్ళు మేస్త్రీలనూ కాంట్రాక్టర్లనూ వాళ్ళ ఎదుటే వాళ్ళకు తెలియకుండా ఉతికి ఆరేసే ధోరణి అది. ముఖంలో భక్తి, మాటలో కత్తి.

"మనవాళ్ళందరికీ దండాలు," అంది. "నా పక్కన నిలబడిన ఈ పెద్దమనిషి నా మొగుడు. మన మాట ఒక్కటి కూడా రాదు, అందుకే ఇంత చక్కగా తలూపుతున్నాడు." ఉపన్యాసకుడు గంభీరంగా తలూపాడు. "చాలా చదివాడు. మనుషులంతా సమానమని పదిమందికీ చెప్పాడు. తన చెప్పులు తను తిప్పుకోవడం ఆ చదువులో రాలేదు. మన భయం ఈయనకు నచ్చింది, ఇంట్లో పెట్టుకున్నాడు. భయపడిన మనుషులు మాత్రం నచ్చలేదు." ఆయన మరింత గంభీరంగా తలూపి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ సోఫాలో ఉన్నావిడ వాళ్ళక్క. ఈ వంశంవాళ్ళు తరతరాలుగా ఉన్నచోటు నుంచి కదల్లేదట. పొద్దుట్నుంచీ ఆవిడను చూస్తున్నాను. నిజమేననిపిస్తోంది."

గదిలో ఎవరో ఫక్కున నవ్వారు.

ఆమె మాట ఆపేసింది. వీడియో అమ్మాయి నవ్వలేదు, కెమెరా చూసుకుంటోంది. వదిన కెమెరా తన వైపు తిరుగుతుందేమోనని జుట్టు సవరించుకుంటోంది. నవ్వింది కూతురు. రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతుల పైన కళ్ళు తడిగా, భయంగా, మెరుస్తూ ఉన్నాయి.

"ఎందుకే నవ్వుతావ్? అమ్మ అంత బాధగా చెబుతుంటే!" అన్నాడు తండ్రి.

కూతురు ఆయన వైపు చూడలేదు. ఆమె కూతుర్ని చూస్తూ, తన భాషలోనే మెల్లగా అడిగింది: "నీకు అర్థమైందా?"

కూతురు చేతులు కిందికి దించింది. మాట నాలుగేళ్ళ పిల్ల మాటలా, పొట్టిగా, కాళ్ళూ చేతులూ విరిగి వచ్చింది. అయినా అది ఆ భాషే. "కొంచెం. నువ్వు డాబా మీద. అమ్మమ్మ ఫోను. రోజూ. నేను తాడు కింద ఆడుకోవడం. తడి బట్టలు. నువ్వు చూడలేదు. నేను విన్నాను."

దాచి దాచి మాట్లాడిన మాటలు. పిల్లకు అంటుకోకూడదని మెట్లెక్కి మరీ మాట్లాడిన మాటలు.

"'విన్నాను' అని అలా అనరు," అంది ఆమె. ఎలా అనాలో చెప్పింది.

కూతురు మళ్ళీ అంది. ఈసారి సరిగ్గా వచ్చింది.

"ఏమిటి, ఏమంటోందది? దానికెలా వచ్చింది?" ఉపన్యాసకుడు ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూపు మారుస్తున్నాడు. తన ఇంట్లో తనకు అర్థం కాని సంభాషణ ఒకటి జరగడం ఆయనకు ఇదే మొదటిసారి. "నువ్వేం చెప్పావు అసలు? నెమ్మదిగా చెప్పు, ఈ అమ్మాయి రాసుకుంటుంది. కింద అక్షరాలు వేయాలి కదా."

ఆ ఇంట్లో అంతా ఆమే వాళ్ళ భాషలోకి మార్చి చెబుతూ వచ్చింది. ఆకలి వేస్తే 'ఆలస్యమైంది' అని, ఒళ్ళు నొప్పులు పుడితే 'కొంచెం పనుంది' అని, అవమానమైతే 'ఏం లేదండీ' అని. వాళ్ళకు సులువుగా ఉండేలా, ఎక్కడా గుచ్చుకోకుండా, మార్చి మార్చి చెప్పింది. ఆ పనికి కూడా ఏనాడూ ఎవరూ ఆమె చేతులు చూడలేదు.

"చెప్పను," అంది ఆమె. ఆ ఒక్క మాటా వాళ్ళ భాషలోనే అంది, వాళ్ళకు బాగా అర్థం కావాలని.